నాలుగో నంబరు బోరు

"ప్రార్థన చెయ్యండి. నాకు ఎనిమిదింటి బస్సు తప్పిపోతాది," అంది సుగుణ, రొట్టెల డబ్బా మూత బిగిస్తూ.

దానియేలు కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో పొద్దుటి ప్రార్థన అతనిదే. ఛత్తీస్‌గఢ్‌లోని బీర్‌గావ్‌లో తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. చావింటైనా పెళ్లింటైనా తడుముకోకుండా ప్రార్థించే గొంతు అని పేరు. 

"ఆయన్నెందుకమ్మా కష్టపెడతావు? నువ్వే చెయ్యి," అంది రెబెకా.

తండ్రి గురించి ఆమె నోరు విప్పటం ఐదు రోజుల్లో అదే మొదలు.

సుగుణ కూతుర్ని చూసింది, మొగుణ్ణి చూసింది. గురువారం సాయంత్రం నుంచి ఇంట్లో ఇదే వరస. ఆదివారం చర్చికి కూడా తండ్రి స్కూటర్ మీదా, కూతురు ఆటోలోనూ వెళ్లారు. ఏమయిందని అడిగితే ఒకరికి తలనొప్పి, ఒకరికి పని ఒత్తిడి.

"ఇవాళ తేలిపోవాల. ఏటయిందో చెప్పేదాకా నేను బస్సెక్కను," అని డబ్బా బల్ల మీద పెట్టేసి కూర్చుంది.

"చెప్పు నాన్నా," అంది రెబెకా.

దానియేలు గ్లాసులో మిగిలిన టీ వంక చూస్తూ ఉండిపోయాడు.

"సరే, నేనే చెప్తాను. అమ్మా, మా ల్యాబుకి నాన్న ప్లాంటు నుంచి మూడు నెలలకోసారి నీళ్ల సీసాలొస్తాయి, తెలుసు కదా?"

తెలుసు. గుఢియారీలోని ఆ నీటి పరీక్షల ల్యాబులో రెబెకా చేరి ఎనిమిది నెలలు. కూతురు పరీక్ష చేసే సీసాల మీద తండ్రి చేతిరాత ఉంటుందని సుగుణ చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా.

"గురువారం నా బల్ల మీదకి ఏడు సీసాలొచ్చాయి. ఒక దాని మీద నాలుగో నంబరు బోరు అనుంది. ఇంకో దాని మీద క్యాంటీన్ నీళ్లు అనుంది. రెండిట్లోనూ ఉప్పు ఒకటే, సున్నం ఒకటే, సల్ఫేటు ఒకటే. పాయింటు తరవాత రెండో అంకె కూడా మారలేదు. నా చెయ్యే తప్పేమో అని మళ్లీ చేశాను. ఫిబ్రవరి రిపోర్టు తీసి చూశాను. అదీ ఇంతే."

"అయితే ఏటి? నీళ్లు బాగున్నట్టే కదా?"

"కాలవ నుంచి తెచ్చి శుభ్రం చేసిన నీళ్లూ, భూమిలోంచి తోడిన నీళ్లూ ఒకలా ఉండవమ్మా. రెండు సీసాలూ ఒక్క కుళాయి దగ్గరే నింపారు."

సుగుణకి ఇంకా అర్థం కాలేదు. మొగుడి ముఖం చూశాక అర్థం కావటం మొదలైంది.

ఆ కరెంటు ప్లాంటులో బొగ్గు కాలగా మిగిలిన బూడిదని నీళ్లతో కలిపి పెద్ద చెరువులోకి వదులుతారు. ఆ నీళ్లు నేలలోకి దిగకుండా చెరువు అడుగంతా మందమైన నల్ల షీటు పరుస్తారు. షీటు చిరిగితే పైకి కనపడదు. చెరువు చుట్టూ వేసిన ఆరు సన్నటి బోర్లలో నీళ్లు చూసి తెలుసుకోవలసిందే. ఆ చెరువూ, ఆ బోర్లూ దానియేలు చేతి కింద ఉన్నాయి. ఇదంతా ఆయనే ఎన్నోసార్లు ఇంట్లో చెప్పాడు.

"షీటు చిరిగిందా?" అంది సుగుణ.

దానియేలు గ్లాసు పక్కకి జరిపాడు.

"మిమ్మల్నే. చిరిగిందా?"

"వాయవ్యం మూల... పరిచేటప్పుడే మట్టి తవ్వే మిషను పన్ను తగిలింది. వానలు తగ్గాక అతుకేద్దామన్నారు. ఈలోగా బూడిద వదిలేశారు." దానియేలు గొంతు నేలలోంచి వస్తున్నట్టు ఉంది. "నాలుగేళ్లయింది."

"నాలుగో నంబరు బోరు ఏ పక్కుంటాది?"

"ఖైర్‌పారా పక్క."

 ఖైర్‌పారా ఆరోగ్య ఉపకేంద్రంలో సుగుణ నర్సు. తొమ్మిదేళ్లుగా ఆ ఊరి పిల్లలకి సూదులు వేస్తోంది, కాన్పులకి వెళ్తోంది.

రోడ్డు మీద కూరగాయల బండివాడు "భిండీ, తోరయీ" అని అరుచుకుంటూ వెళ్లిపోయాడు. 

"ఆ ఊరి బోరింగు నీళ్లతోనే పిల్లలకి మందులు కలిపి పట్టిస్తన్నాను," అంది సుగుణ. "మీకు తెలుసు."

"సుగుణా..."

"నాకు మాత్రం రోజూ ఇంటి కాడ సీసా నింపి మీ చేత్తో ఇస్తారు. ఊళ్లో నీళ్లు తాగకు, నీకు పడవు అని చెప్తారు. తొలికాన్పు పోయినప్పటి నుంచీ నేనంటే అంత బెంగ అనుకున్నాను. ఆ సీసా చూపించి అక్కడి ఆడాళ్ల ముందు మురిసిపోయేదాన్ని."

బల్ల మీద నిండుగా ఉన్న సీసాని అలాగే వదిలేసి సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి చూడలేదు.

తండ్రీ కూతురూ మిగిలారు.

"ఇవాళ పొల్యూషన్ బోర్డు వాళ్లు చెరువు చూడ్డానికి వస్తున్నారు కదా," అంది రెబెకా. "ఏం చెప్తావు?"

"అది నా ఒక్కడి చేతుల్లో లేదమ్మా."

"ఆ సీసాలు నింపింది ఎవరి చేతులు నాన్నా?" ఆమె లేచి నిలబడింది. "నేను చేరాక వెళ్లిన రెండు రిపోర్టుల కింద నా సంతకముంది. ఉద్యోగం దొరికిందని నువ్వే కదా కొత్త పెన్ను కొనిచ్చావు."

దానియేలు హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు.

*

ఉర్లా ఫ్యాక్టరీల పొగలోంచి, లారీల మధ్యలోంచి స్కూటర్ దానంతటదే వెళ్తున్నట్టు వెళ్లింది. మే నెల. తొమ్మిది కాకముందే గాలి సెగలు కక్కుతోంది.

బూడిద చెరువు విభాగానికి మేనేజరు యోగేష్. దానియేలు కంటే పదిహేనేళ్లు చిన్న. ఎప్పుడూ కసురుకోడు, 'దానియేల్ భాయ్' అనే పిలుస్తాడు. సుగుణకి గర్భసంచి ఆపరేషన్ జరిగినప్పుడు తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది అతనే.

మొదటిసారి నాలుగో బోరు లెక్క చెడ్డగా వచ్చినప్పుడు, "సీసా సరిగ్గా కడగలేదేమో భాయ్, మళ్లీ పట్టండి," అన్నాడు యోగేష్. మళ్లీ పట్టినా అదే వచ్చింది. "ఈసారికి మంచి చోట పట్టేయండి. వానలయ్యాక షీటు సంగతి చూద్దాం," అన్నాడు. మంచి చోటంటే ఏదో చెప్పలేదు. దానియేలు అడగలేదు. క్యాంటీన్ వెనక కుళాయి దగ్గరికి తన కాళ్లతో తనే నడిచి వెళ్లాడు. ఆ తరవాత నాలుగు వానాకాలాలు వచ్చి వెళ్లాయి.

ఇవాళ యోగేష్ గట్టు మీదే ఎదురొచ్చాడు. దారి పొడుగునా నీళ్లు చల్లించాడు. బోర్డులకి కొత్త రంగు వేయించాడు.

"టెన్షన్ పడకండి భాయ్. నిన్న పొద్దుగూకేలోపు నాలుగో దాంట్లో ట్యాంకరుతో మంచినీళ్లు పోయించేశాను. పైనంతా అవే ఉంటాయి. పొల్యూషన్ బోర్డు ఆవిడ సీసా పట్టుకుని వెళ్లిపోతుంది." రిజిస్టరు చాచాడు. "ఇక్కడొక్క సంతకం."

బోరులో ఊరికే నిలవున్న నీళ్లు పట్టకూడదు. ముందు వాటిని తోడేసి, కింద నుంచి కొత్త నీళ్లు ఊరాకే సీసా నింపాలి. అది నియమం. ఆరు బోర్లనీ పొద్దుటే అరగంట చొప్పున తోడినట్టు రిజిస్టరులో రాసి ఉంది. దానియేలు ఆ మాటలు రెండుసార్లు చదివాడు.

"ఇది తోడలేదు కదా సార్."

"ఆరు వందల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ ప్లాంటు మీద భాయ్. మీదీ నాదీ కూడా." యోగేష్ గొంతు పెంచలేదు. "ఈ వానలయ్యాక తప్పకుండా అతుకేయిస్తాను. మా అమ్మాయి మీద ఒట్టు."

దానియేలు సంతకం పెట్టాడు.

పదకొండు గంటలకి బోర్డు నుంచి సుభద్రా వర్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. తలకి నూలు చున్నీ చుట్టుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని, ఇచ్చిన కొబ్బరినీళ్లు వద్దని నేరుగా గట్టెక్కింది. అంచున బయటికి కనిపించే నల్ల షీటుని వేళ్లతో నలిపి చూసింది. గట్టు కిందికి దిగి, ఎక్కడైనా చెమ్మ ఉందేమోనని మట్టి గిల్లింది. చెరువులో బూడిద మైదానంలా పరుచుకుని ఉంది. గాలి లేచినప్పుడల్లా తెల్లగా పొగలా కదిలేది.

మొదటి మూడు బోర్ల దగ్గరా పంపు వేయించి, కాసేపు వదిలి, సీసాలు నింపుకుంది. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట. వడగాడ్పు ముఖాన కొడుతోంది.

"పాత రిపోర్టులు చూశాను," అంది హిందీలో. "ఆరిట్లోకీ మీ నాలుగో బోరే తేట. ఊరికి దగ్గర, చెరువుకి దగ్గర. మరి ఇదెలా?"

"భూమి వాలు అటు కాదు మేడమ్," అన్నాడు యోగేష్. "జనరేటరులో డీజిల్ కూడా తక్కువే ఉంది. దీన్ని పొద్దుటే అరగంట తోడాం. రిజిస్టరు చూడండి. మీరిక సీసా పట్టేయొచ్చు."

పంపు వేశారు. నీళ్లు తేటగా పడ్డాయి. ఆమె చిన్న మీటరు ముంచి చూసింది. నీళ్లలో ఎంత ఉప్పూ ఖనిజం కరిగి ఉందో చెప్పే అంకె: నాలుగు వందల పది. క్యాంటీన్ కుళాయి దగ్గర ఉండే అంకె అదే. దానియేలుకి కంఠతా వచ్చు.

ఆమె రిజిస్టరు తెరిచింది. సంతకం మీద వేలు పెట్టి, "దానియేల్ ఎవరు?" అంది.

"నేను మేడమ్."

"మీరు తోడారా?"

"తోడారు మేడమ్, నా ముందే..." అన్నాడు యోగేష్.

"ఆయన్ని అడుగుతున్నాను."

దానియేలు గట్టు అవతలికి చూశాడు. ఖైర్‌పారా పెంకుటిళ్లు కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఉపకేంద్రం పసుపు గోడ. సుగుణ ఈపాటికి అక్కడికి చేరి నాలుగు గంటలయి ఉంటుంది.

"లేదు మేడమ్," అన్నాడు. "ఇంకాసేపు వదలండి."

యోగేష్ అతని వంక చూసిన చూపులో కోపం లేదు. కాళ్ల కింద నేల జారిన మనిషి చూపు అది.

సుభద్రా వర్మ సీసా మూత మళ్లీ బిగించి, వాచీ చూసుకుంది. ఎవరూ నీడకి పోలేదు.  పదో నిమిషానికి అంకె ఏడు వందలు దాటింది. ఇరవయ్యో నిమిషానికి పద్నాలుగు వందలు. నీళ్లు చూడ్డానికి మాత్రం అలాగే తేటగా పడుతున్నాయి. రెండు వేల ఎనిమిది వందల దగ్గర అంకె నిలిచిపోయింది.

ఆమె సీసాలు నింపి, సీలు వేసి, జీపు బానెట్ మీద కాగితాలు పరిచింది.

"ఎన్నిసార్లు మార్చారు?"

"పదహారు సార్లు మేడమ్."

"మేడమ్, ఇదేదీ మాకు తెలీదు," అన్నాడు యోగేష్. ఈ లోపల అతను ఎవరెవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చాడు. 'భాయ్' అన్న మాట నోటి నుంచి పోయింది. "ఇతను కంపెనీని మోసం చేశాడు. ప్రతి కాగితం మీదా ఇతని సంతకమే ఉంది, చూసుకోండి."

అది నిజమే. ఏ కాగితం మీదా యోగేష్ చేతిరాత లేదు. నాలుగేళ్లలో ఆ సంగతి గమనించనే లేదని దానియేలుకి ఇప్పుడు తట్టింది.

"ఆఖరి రెండు రిపోర్టుల కింద ఆర్. రెబెకా అని ఉంది."

"మా అమ్మాయి మేడమ్. ఆమెకేమీ తెలీదు."

"అసలేమీ తెలీదా?"

అతను అబద్ధం కోసం వెతుక్కున్నాడు. ఇంతకాలం అడగకుండానే దొరికేది. ఇప్పుడు దొరకలేదు.

"గురువారం తెలిసింది."

"ఇవాళ మంగళవారం. ఈ ఐదు రోజులూ ఆమె ఏం చేసింది?"

"నాతో మాట్లాడటం మానేసింది మేడమ్."

ఆమె పెన్ను ఆపింది. 

"దాన్ని నేను కాగితం మీద ఎలా రాయను?" అంది. "ల్యాబుకి నోటీసు వెళ్తుంది. ఆమె చెప్పుకోవలసింది ఆమే చెప్పుకోవాలి."

*

గేటు దగ్గర అతని గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. స్కూటర్ లోపలే ఉంది. అది తెచ్చుకుంటానంటే, పైనుంచి ఆర్డరు రావాలన్నాడు గార్డు, నేల చూపులు చూస్తూ. పదేళ్లుగా ఇద్దరూ ఖైనీ పంచుకుంటున్నవాళ్లు.

గోడ నీడన నిలబడి కూతురికి ఫోను చేశాడు.

"నాన్నా," అంది రెబెకా.

ఐదు రోజుల తరవాత ఆ పిలుపు మెత్తగా వినిపించింది. దాన్ని నిలబెట్టుకునే వ్యవధి లేదు.

"చెప్పేశానమ్మా. అంతా చెప్పేశాను. నిన్ను కూడా అడుగుతారు. గురువారం ఏం చూశావో అది చెప్పు. నాకోసం చూడకు."



"నేను గురువారమే ఇన్‌ఛార్జికి చెప్పాల్సింది కదా నాన్నా?" అంది రెబెకా. "రోజూ వెళ్లి ఆయన గది ముందు నిలబడ్డాను. లోపలికి వెళ్లలేకపోయాను."

"నా మూలానే అమ్మా."

"నీ మూలానే. కానీ నిలబడిపోయింది నేను."

ఎవరో ఆమెని పిలిచారు. ఫోను ఆగిపోయింది.

దానియేలు పొలాల గట్టున ఖైర్‌పారాకి నడిచాడు. అరగంట నడక. ఇన్నేళ్లలో ఆ ఊళ్లోకి అతను వెళ్లింది రెండేసార్లు, రెండుసార్లూ సుగుణని వానలో తీసుకురావటానికి.

ఊరి మొదట్లోనే గోల వినిపించింది.

పంచాయతీ ముందు బోరింగు దగ్గర పదిహేను మంది ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. బోరింగు పిడికి మోచేయి పొడుగున తెల్ల కట్టుగుడ్డ చుట్టి ఉంది. ఉపకేంద్రంలో దెబ్బలకి కట్టే గుడ్డే. దాని పక్కన సిమెంటు అరుగు మీద సుగుణ కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టు ముఖం కమిలిపోయింది.

"తాగొద్దంటే ఎలా దీదీ?" ముందు నిలబడ్డ ఫూల్‌బాయి ఛత్తీస్‌గఢీలో అరుస్తోంది. అరవై ఏళ్ల మనిషి. సుగుణ తొమ్మిదేళ్ల క్రితం ఈ ఊళ్లో మొదట పోసిన పురుడు ఆమె కోడలికే. "చెరువు ఎండిపోయింది. రెండో బోరింగు విరిగి ఏడాదయింది. పొద్దుట్నుంచి ఇంట్లో చుక్క లేదు. నీకెవరు చెప్పారు ఈ నీళ్లు చెడ్డవని?"

సుగుణ కట్టుగుడ్డ ముడిని చేత్తో పట్టుకుంది. మొగుడి పేరు చెప్పలేకపోతోందని దానియేలుకి అర్థమైంది.

దానియేలుని చూసి గుర్తుపట్టగానే ఫూల్‌బాయి ముఖం విప్పారింది.

"అదిగో, ప్లాంటు బాబు వచ్చాడు! నువ్వైనా చెప్పు బాబూ నీ ఇంటావిడకి. నీళ్లు మంచివని మీ కాగితం పంచాయతీ గోడకి అంటించారు కదా. మా మనవడు చదివి వినిపించాడు. చెప్పు."

గోడ మీద ఆ కాగితం ఉంది. ఎండకి పసుపెక్కింది. నాలుగో వరసకి ఎదురుగా 'బాగుంది' అని హిందీలో రాసి ఉంది.

సుగుణ అతని వైపు చూసింది. ఆ చూపు సాయం అడగటం లేదు, ఆపటమూ లేదు.

"ఆ కాగితం అబద్ధం," అన్నాడు దానియేలు. "రాసింది నేను. గట్టు మీద మీ పక్కనున్న బోరు నీళ్లని చెప్పి వేరే నీళ్లు పంపాను. నాలుగేళ్లుగా. ఈ నీళ్లు పిల్లలకి పట్టొద్దు."

అరుపులు వస్తాయనుకున్నాడు. రాయి వస్తుందేమో అనుకున్నాడు. ఏదీ రాలేదు. వెనక వరసలో ఒకామె చంకలోని పిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

ఫూల్‌బాయి అతన్ని వదిలేసి సుగుణ వైపు తిరిగింది.

"దీదీ, నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున్నే. ప్రమాణంగా, ఇవాళ పొద్దున్నే తెలిసింది."

ఫూల్‌బాయి ఆ జవాబుని కాసేపు తూచింది. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండునని దానియేలుకి అనిపించింది.

"ఒకే ఇల్లు కదా మీది?" అంది.

 తొమ్మిదేళ్లుగా ఆ ఊళ్లో ఏం చెప్పినా నమ్మించిన సుగుణ తల దించుకుంది.

"మరి వేరే నీళ్లెక్కడున్నాయి?" అంటూ ఫూల్‌బాయి వంగి కట్టుగుడ్డ ముడి విప్పింది. ఒక్కో చుట్టే తీసి, మడతపెట్టి, సుగుణ ఒళ్లో పెట్టింది. ఆ తరవాత బిందె కింద పెట్టి బోరింగు కొట్టటం మొదలుపెట్టింది.

సుగుణ ఆపలేదు. దానియేలు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

బిందె నిండింది. ఫూల్‌బాయి దాన్ని నెత్తికెత్తుకుని, ఇద్దరి మధ్యలోంచి నడిచి వెళ్లిపోయింది.

చంకలో పిల్లతో ఉన్నామె కాసేపు అటూ ఇటూ చూసి, తన బిందె తెచ్చి బోరింగు కింద పెట్టింది.